నా డ్రైవ్‌వేలో ప్రసాద్ గారి ట్రైలర్

హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం, లేని ఇల్లు కొనడం తప్పని మా ఆవిడ పదేళ్లుగా అంటూనే ఉంది. ఆ సంఘం వాళ్ల నియమాలు, వాళ్ల ఉత్తరాలు, గడ్డి అంగుళం పెరిగితే జరిమానాలు నాకు పడవని పంతం పట్టి, ఈ క్యారీ ఊళ్లో ఎప్పుడో డెబ్భైల్లో కట్టిన ఈ పాత ఇల్లు కొన్నాను. దాని ఫలితం ఏమిటంటే, ఊళ్లో ఏ తెలుగువాడికి ఇంటి ముందు పెట్టుకోకూడని వస్తువు ఉన్నా అది తిన్నగా మా ఇంటి ముందుకు వస్తుంది. ఒకరి పడవ ఏడాది ఉంది. ఇంకొకరి పెళ్లి మంటపం స్తంభాలు ఇప్పటికీ మా గరాజ్‌లో ఉన్నాయి. ఈ ఫిబ్రవరి ఆఖర్లో ఇరవై రెండడుగుల ట్రైలర్ ఒకటి వచ్చింది. మంచం, పొయ్యి, సింకు, బాత్రూమ్ అన్నీ ఉండి, ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు. అది ఆంజనేయప్రసాద్ గారిది.

ప్రసాద్ గారిది చీరాల. యాభై ఆరేళ్లుంటాయి. మావాళ్లలో ఎవరైనా పాత కారు గానీ ఇల్లు గానీ కొంటున్నారంటే, టార్చిలైటు, తేమ కొలిచే చిన్న మీటరు, ఒక స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని ఆయన వచ్చేస్తారు. అమ్మేవాడు ఎంత తీయగా మాట్లాడినా వినిపించుకోరు. బోర్లా పడుకుని చూస్తారు, మూలమూలలా పొడుస్తారు. “కొత్త పెయింట్ ఎందుకేశాడో ముందు అది కనుక్కో” అంటారు. పాడైన వస్తువు మీద ఆయనకి ఏ కోపమూ లేదు. పాడైనదాన్ని కప్పిపెట్టి అమ్మేవాడి మీద మాత్రం ఒంటికాలి మీద లేస్తారు. మా ఇల్లు కొన్నప్పుడు కూడా ఆయనే అటక ఎక్కి దిగి, “ముసలిదే గానీ అబద్ధాలు చెప్పే ఇల్లు కాదు, తీసుకో” అన్నారు. ఫీజు ఒక కప్పు కాఫీ. అది కూడా మా ఆవిడ పెడితేనే. నేను పెట్టింది ఒకసారి తాగి, మళ్లీ అడగలేదు.

పోయిన జూన్‌లో ఆయన ఉద్యోగం పోయింది. ఒక మందుల కంపెనీలో ఇరవై ఒక్కేళ్లు చేసిన ఉద్యోగం, పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో తీసేశారు. మొదట్లో ఆయనే దాన్ని జోకులా చెప్పేవారు. చలికాలం వచ్చేసరికి జోకులు ఆగిపోయాయి. ఆ వయసులో ఇంటర్వ్యూలకి పిలిచేవాళ్లు తక్కువ, పిలిచినా కుర్రాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఇంట్లో ఉన్న రిపేర్లన్నీ రెండు నెలల్లో అయిపోయాయి. ఆ తర్వాత గరాజ్ తలుపు ఎత్తి, మడత కుర్చీ వేసుకుని రోడ్డు కేసి చూస్తూ కూర్చునేవారు. ఎవరైనా ఫోన్ చేసి, “ప్రసాద్ గారూ, మా ఇంటి హీటర్ ఆన్ అవ్వట్లేదండీ” అంటే చాలు, మనిషి మళ్లీ మామూలు మనిషి అయ్యేవారు. ఎవరికో ఒకరికి తన చేతులతో పనుంది అన్న నమ్మకం ఒక్కటే ఆయనకి మిగిలింది. ఇది ఆయన భార్య ఉమ గారికి తెలుసు, నాకు తెలుసు, రాజ్‌కి అందరికంటే బాగా తెలుసు.

రాజ్‌ది కరీంనగర్. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్ద. పన్నెండేళ్లుగా ప్రతి అక్టోబర్‌లో ప్రసాద్ గారూ అతనూ కొండల్లో క్యాంపింగ్‌కి పోతారు. ఈయన “ఒరేయ్” అంటే అతను “అన్నా” అంటాడు. ఉద్యోగం పోయిన కొత్తలో రాజ్ తన కంపెనీలో మాట్లాడతానంటే, “నీ సిఫార్సుతో బతకాలా నేను?” అని ప్రసాద్ గారు నెల రోజులు అతనితో మాట్లాడలేదు. పౌరుషం అంటే అంత పౌరుషం. తర్వాత సర్దుకున్నారు. ఈ ట్రైలర్ ఆ రాజ్‌దే. పాతబడిందని అమ్మేస్తానన్నాడు, ఈయన కొన్నారు.

ఊరందరి కార్ల కింద దూరే మనిషి, తను కొనే ట్రైలర్ కింద మాత్రం దూరలేదు. టార్చి తీశారట కూడా. ఉమ గారే ఆపారు. “రాజ్ దగ్గర కొంటూ పొడిచి చూస్తారా? బాగుండదండీ, ఏమనుకుంటాడు” అన్నారట. ఈయన టార్చి జేబులో పెట్టేసుకున్నారు. మొహమాటం. పరాయివాడి దగ్గర కొంటే లక్ష ప్రశ్నలు అడుగుతాం, మనవాడి దగ్గర కొంటే తాళంచెవి తీసుకుని థాంక్స్ చెప్పి వచ్చేస్తాం.

మా డ్రైవ్‌వేలోనే వాహన పూజ చేయించారు. గుడి నుంచి పూజారి గారు వచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. లోపల కూడా కుంకుమ పెట్టాలంటే చెప్పులు విప్పి ఎక్కాం. సింకు దగ్గర ప్రసాద్ గారు ఒక్క క్షణం ఆగి, కాలు తీసి పక్కన వేయడం నేను చూశాను. బూట్లతో అయితే తెలిసేది కాదు, ఒట్టి కాలికి తెలిసిపోయింది. అక్కడ నేల కొంచెం కిందికి దిగి, మళ్లీ పైకి లేచింది. ఆయన రాజ్ కేసి చూశారు. రాజ్ కొబ్బరికాయ కేసి చూస్తున్నాడు. అంతమందిలో ఏం అడుగుతాం? ఈయన అడగలేదు.

మర్నాడు ఒక్కరే వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో నేలంతా నొక్కి చూశారు. తలుపు దగ్గర్నుంచి సింకు దాకా ఎక్కడ నొక్కినా మెత్తగానే ఉంది. పైన మాత్రం నేలకి అతికించిన నిగనిగలాడే కొత్త వినైల్ షీటు. నా ముందే రాజ్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

“ఒరేయ్, ట్రైలర్ ఫ్లోర్ మెత్తగా ఉందేంట్రా?”

“అట్లనా? నాకేం తెల్వదన్నా. పాతది గదా.”

ఫోన్ పెట్టేశాక నేను, “తెలియకుండా ఎలా ఉంటుందండీ, ఇంత కొత్త వినైల్ వేసి!” అని మొదలుపెట్టాను. నా నోరు అంత మంచిది కాదు. ప్రసాద్ గారు చెయ్యి ఎత్తి ఆపారు. “రుజువు లేకుండా వాణ్ణి ఏమీ అనకు. విప్పి చూద్దాం. వాడికి తెలుసా తెలియదా, నాకు అదొక్కటే కావాలి” అన్నారు.

వాన నీళ్లు కిటికీ అతుకులోంచి గోడ లోపలికి కారి, ఏళ్ల తరబడి నేల చెక్కలోకి దిగాయని ఆయన అరగంటలో తేల్చారు. ముందు ఆ కిటికీ ఊడదీసి, కొత్త సీలు పెట్టి బిగించారు. నీళ్లు ఆపకుండా నేల వేస్తే వేసినదీ పోతుందన్నారు. తర్వాత తలుపు దగ్గర వినైల్ అంచు పట్టుకుని జాగ్రత్తగా ఒలిచారు. కింద ఉన్న చెక్క తడిసిన బిస్కట్‌లా ఉంది. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. ఆ కుళ్లు చెక్క మీద, ఇంకా వాసన కూడా పోని కొత్త జిగురు. పక్కనే ఒక గుంటని నింపడానికి ఎవరో కొత్త చెక్కముక్క కూడా కోసి పెట్టారు. చూడకుండా ఆ ముక్కని కొలిచి కోయలేరు కదా.

ప్రసాద్ గారు రాజ్‌ని రమ్మన్నారు. వచ్చాడు. ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఈయన వినైల్ ముక్క పైకెత్తి చూపించారు.

“తెలుసా నీకు?”

రాజ్ దాని కేసి చూసి, “తెలుసన్నా” అన్నాడు.

“మరి ఎందుకు చెప్పలేదురా?”

“ఏం చెప్పాలన్నా. పైసలు వాపస్ ఇస్త.”

“డబ్బు ఎవడడిగాడు?” ప్రసాద్ గారు మెట్టు మీంచి లేచారు. “పన్నెండేళ్లు ఒక్క నిప్పు చుట్టూ కూర్చున్నాం కదరా. కుళ్లిపోయిందన్నా, చూసుకో అంటే నేను వద్దంటానా? నమ్మించి గొంతు కోశావు కదరా!”

రాజ్ తల వంచుకుని వెళ్లిపోయాడు. నేనూ ఊరుకోలేదు. కారు దాకా వెంటపడి నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. మా వాట్సాప్ గ్రూపులో పేరు చెప్పకుండా, అందరికీ అర్థమయ్యేలా రెండు పోస్టులు కూడా పెట్టాను. అతను ఒక్క జవాబు ఇవ్వలేదు, గ్రూపులోంచి తనే వెళ్లిపోయాడు. గెలిచాననుకున్నాను. ఆ పోస్టులు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

ఆ మర్నాటి నుంచి ప్రసాద్ గారు రోజూ ఎనిమిదింటికల్లా మా ఇంటికి వచ్చేవారు. అంత మెత్తబడిన నేలని ఒక్కసారి పీకేయడానికి లేదట. గోడలు దాని మీదే నిలబడి ఉంటాయి. అందుకని తలుపు దగ్గర మొదలుపెట్టి, రెండేసి అడుగులు కోసి తీయడం, కింద కుళ్లిన అడ్డదూలాలకి పక్కన కొత్తవి జత చేసి బిగించడం, వాటి మీద ప్లైవుడ్ వేసి, దాని మీద నిలబడి తర్వాతి రెండడుగులు కోయడం. నిలబడటానికి గట్టి చోటు లేకుండా ముందుకు పోకూడదన్నారు. రంపం లోతు పావు అంగుళం ఎక్కువ పెట్టినా కింద వైర్లు తెగుతాయని నన్ను దాని జోలికి రానివ్వలేదు. స్క్రూలు అందించడం, చెత్త ఎత్తడం నా పని. వీకెండ్లు పూర్తిగా, మామూలు రోజుల్లో మీటింగుకీ మీటింగుకీ మధ్య. ఏప్రిల్‌లో పైన్ చెట్ల పుప్పొడి రాలి ట్రైలరూ, కార్లూ, మేమూ అన్నీ పసుపుపచ్చగా అయిపోయాం. అయినా పని ఆగలేదు.

ఆయన్ని నడిపించింది కోపం. స్క్రూ స్క్రూకీ రాజ్‌ని తిట్టేవారు. ఆ తిట్లలోనే మనిషికి జీవం వచ్చింది. షేవ్ చేసుకుని వస్తున్నారు. ఆకలేస్తోందంటున్నారు. “వాడు కప్పెట్టి అమ్మిన దాన్ని ఎలా చేసి చూపిస్తానో చూడు. ఏనుగెక్కినా కదలదు” అనేవారు. మధ్యాహ్నం ఉమ గారు క్యారియర్ తెచ్చేవారు. ఆయన తింటూ తిడుతుంటే ఆవిడ నిలబడి వినేవారు. వెళ్లేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, “బాగా తింటున్నారు కదా?” అని అడిగేవారు. రాజ్‌ని ఆవిడ మాత్రం ఒక్క మాట అనలేదు. ఎంత మంచి మనిషి అనుకున్నాను. పప్పులో కాలేశానని అప్పుడు తెలియదు.

మే మూడో శనివారానికి సింకు కింద మూల ఒక్కటే మిగిలింది. అన్నిటికంటే ఎక్కువ తడిసిన మూల అదే. క్యాబినెట్ తప్పించి వినైల్ లాగితే ఈసారి కింద చెక్క కనబడలేదు. సోనా మసూరి బియ్యం సంచులు కనబడ్డాయి. ఇరవై పౌండ్ల సంచులు రెండు, విప్పదీసి, అంచులు కత్తిరించి, తేమ పైకి రాకుండా శుభ్రంగా పరిచి ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. మనవాళ్లు బియ్యం సంచిని పారేయలేరు కదా. మొక్కల కిందికి అదే, కారు డిక్కీలోకి అదే, ఇదిగో మోసానికి కూడా అదే.

“చూశారా వీడి తెలివి!” అన్నాను. ప్రసాద్ గారు నవ్వలేదు. ఒక సంచి మూల పట్టుకుని వెలుగులోకి తిప్పి చూస్తున్నారు. దాని మీద నల్ల మార్కర్‌తో తెలుగులో రాసి ఉంది. “జనవరి 4.”

ఉమ గారికి ఒక అలవాటుంది. ఏ బియ్యం సంచి విప్పినా, విప్పిన తేదీ దాని మీద రాస్తారు. ఒక్కో సంచి ఎన్ని వారాలు వస్తుందో చూసుకోవడానికి. వాళ్లింట్లో ఆ సంచుల్ని నేనే ఎన్నిసార్లు చూశానో. ‘జ’కి కింద ఆ వంపు ఆవిడదే.

“ఈ సంచి ఇండియన్ స్టోర్ నుంచి నేనే మోసుకొచ్చాను. డిసెంబర్ ఆఖర్లో” అన్నారు ప్రసాద్ గారు మెల్లగా.

నాకూ అర్థమైంది. అయినా నోరు ఊరుకోదు కదా. “ఉమ గారు ఏ కరివేపాకు మొక్కకో చుట్టి వాళ్లింటికి ఇచ్చి ఉంటారండీ. రాజ్ దాన్ని వాడుకుని ఉంటాడు.”

“అయ్యుండొచ్చు” అన్నారాయన. ఆ మాట నిజం కావాలని ఆయన ఎంత కోరుకున్నారో ఆ ముఖంలో చూశాను. సంచిని మడిచి ప్లైవుడ్ మీద పెట్టి, పక్కన కూర్చున్నారు. పని ముట్టుకోలేదు.

ఒంటిగంటకి ఉమ గారు క్యారియర్‌తో వచ్చారు. మెట్టు ఎక్కి లోపలికి చూశారు. ఆవిడ చూపు ముందు భర్త మీద పడింది, తర్వాత సంచి మీద.

“రాజ్ వాళ్లకి ఏమైనా చుట్టి ఇచ్చావా ఉమా, ఈ సంచిలో?” అని అడిగారు ప్రసాద్ గారు.

ఔనంటే అయిపోయేది. ఆవిడకి దారి ఆయనే ఇచ్చారు. ఆవిడ క్యారియర్ కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

“లేదండీ. నేనే పరిచాను.”

ఆవిడే చెప్పుకుపోయారు.

“ఫిబ్రవరిలో మీరు షార్లెట్‌లో మీ తమ్ముడి ఇంటికి వెళ్లారు కదా. ఆ రెండు రోజుల్లో వేశాం. రాజ్ వినైల్ అతికించాడు. తేమ పైకొస్తే మీరు కొనకముందే కనిపెట్టేస్తారని నేను సంచులు కత్తిరించి ఇచ్చాను.”

“ఎందుకు?”

“నడుస్తున్న డిష్‌వాషర్‌ని విప్పి ముందేసుకుని కూర్చున్నారు మీరు. గుర్తుందా? ఏం పాడైందంటే, ఏం లేదు, ఊరికే అన్నారు. ఆ రోజు నాకు భయమేసిందండీ. రాజ్ ఈ ట్రైలర్ పారేస్తున్నానన్నాడు. నేనే అడిగాను.”

“పాడైంది, బాగు చేసుకోండి అని చెప్పి ఇస్తే చేసేవాణ్ణి కాదా?”

“చేసేవారు కాదు. ఉద్యోగం చూస్తానన్నందుకే వాడితో నెల రోజులు మాట్లాడలేదు. జాలిపడి ఇచ్చారని తెలిస్తే దీన్ని ముట్టుకునేవారా?” అన్నారావిడ. “మోసం చేశారని కోపం వస్తే మాత్రం లేస్తారని తెలుసు. తిట్లు నేను పడతా వదినా, అన్న లేస్తే చాలన్నాడు రాజ్. లేచారు కదండీ. మూడు నెలల నుంచి మీరు మనిషిలా ఉన్నారు.”

ప్రసాద్ గారు తన చేతుల కేసి చూసుకున్నారు. జిగురు, రంపపు పొట్టు అంటిన చేతులు.

“అంటే నా కోపం కూడా మీరిద్దరూ కూర్చుని తయారు చేసి ఇచ్చారన్నమాట” అన్నారు. “రాజ్ మోసం చేస్తే తట్టుకున్నాను ఉమా. ఇంటికొచ్చి నీకు చెప్పుకుంటే చాలనుకున్నాను. రోజూ అన్నం పెట్టి, ఇక్కడే నిలబడి, నేను వాణ్ణి తిడుతుంటే విన్నావు. ఏడుస్తున్న పిల్లాడికి ఆటబొమ్మ ఇచ్చినట్టు ఇచ్చి, ఆడుకుంటున్నాడా లేదా అని చూసి వెళ్లావు.”

“మీ కోసమేనండీ.”

“తెలుసు. అందుకే తిట్టడానికి కూడా లేదు.”

ఉమ గారు ఏడ్చారు. ఆయన ఏడవలేదు. నా వైపు తిరిగి, “నీకూ తెలుసా చైతన్యా?” అన్నారు.

“నాకేం తెలియదండీ. ఒట్టు” అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే, ఆ రోజు ఫోన్‌లో రాజ్ అన్నదీ ఇదే మాటని గుర్తొచ్చింది. ఆయనకీ గుర్తొచ్చినట్టుంది. తల ఊపారు. నమ్మలేదు. మూడు నెలలు ఆయన పక్కన చెత్త ఎత్తినవాణ్ణి, నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన ఎలా నమ్ముతారు? ఆయనే ఇల్లు చూసిపెట్టిన స్నేహితుణ్ణి నేను, ఆ కుట్ర సామాను పెట్టుకున్నది నా ఇంటి ముందే.

సగంలో వదిలేసే మనిషి కాదు గనక ఆ మూల కూడా ఆ సాయంత్రమే పూర్తి చేశారు. భోజనం చేయలేదు. ఒక్క తిట్టు తిట్టలేదు. నేల మాత్రం ఆయన అన్నట్టే వచ్చింది. ఎక్కడ తొక్కినా రాయిలా ఉంది. వారం తర్వాత దాన్ని ఊరవతల స్టోరేజ్‌లో పెట్టించారు. ఇప్పటికీ ఎవరూ అందులో ఒక్క రాత్రి పడుకోలేదు.

రాజ్ క్షమాపణ చెప్పుకోవడానికి వాళ్లింటికి వెళ్లాడు. ధైర్యానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. నేను ముందే అతని కాళ్లావేళ్లా పడ్డాను లెండి, ఆ పోస్టుల గురించి. ప్రసాద్ గారు తలుపు తీసి, “రండి రాజ్ గారూ, కూర్చోండి” అన్నారు. కాఫీ ఇచ్చారు. పిల్లల చదువులు అడిగారు. మార్చిలో అన్ని తిట్లు తిట్టినప్పుడు చెక్కుచెదరని రాజ్, కారెక్కాక స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. “ఒక్కసారి ఒరేయ్ అంటే అయిపోవు గదనే” అన్నాడు.

ఉమ గారి మీద నాకు కోపం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఆవిడ స్థానంలో ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆయన్ని కుర్చీలోంచి లేపడానికి ఆవిడ వాడింది, తన చేతులతో ఎవరికో పనుందని ఆయనకి మిగిలి ఉన్న ఆ ఒక్క నమ్మకాన్నే.

పోయిన వారం మా వంటింటి కుళాయి కింద పైపు కారడం మొదలుపెట్టింది. క్యాబినెట్ అంతా నీళ్లు. బకెట్ పెట్టి, అలవాటు కొద్దీ ఆయనకే ఫోన్ చేశాను. పాత రోజుల్లో అయితే నా మాట పూర్తయ్యేలోపే, “మెయిన్ వాల్వ్ కట్టేయ్, వస్తున్నా” అనేవారు. ఈసారి అంతా విన్నారు. ఎప్పట్నుంచి, ఎంత కారుతోంది, అన్నీ చెప్పాను.

“నిజంగానే కారుతోందా చైతన్యా,” అన్నారాయన, “ఉమ చెప్పమందా?”